వెలిగినట్లు భావించిన బల్బు

విద్యుత్తును కనిపెట్టడం మానవజాతికి గొప్పే. కానీ విద్యుత్తు లేకుండానే విద్యుత్తు పని నేర్పే పద్ధతిని కనిపెట్టడం అంతకన్నా గొప్ప. ఆ ఘనత మా పేటలోని ఎలక్ట్రీషియన్ శిక్షణ కేంద్రానిది.

కేంద్రంలో వైరింగు పాతబడి ప్రమాదకరంగా ఉందని భద్రతా విభాగం వారు ఫ్యూజులు పీక్కుపోయారు. ఇక్కడ శిక్షణ పూర్తిచేసిన వాళ్ళే కేంద్రం వైరింగు మార్చాలని నిబంధన. శిక్షణ పూర్తిచేద్దామంటే కరెంటు లేదు. ఈ ఏర్పాటు వల్ల ఎవరికీ హాని కలగలేదు కనుక (ఇంతవరకు ఒక్కరికీ షాక్ కొట్టలేదు) దాన్ని అలాగే కొనసాగనిచ్చారు. భద్రతలో ఆదర్శ కేంద్రమని జ్ఞాపిక కూడా ఇచ్చారు.

పాఠాలు మాత్రం ఆగలేదు. మాస్టారు సుద్దముక్కతో గోడమీద సాకెట్టు గీసేవారు. ఒకరు వెళ్ళి అందులో వేలు పెట్టేవారు. "కొట్టింది" అనేవారు మాస్టారు. వేలు పెట్టినవారు కింద పడాలి, మిగతావారు ఎండు కర్రతో పక్కకు నెట్టాలి. పడటంలో ఆ కేంద్రం విద్యార్థులకు తిరుగులేదు.

ఆ తరగతిలో ఒక కోడలు ఉండేది. ఆమె అత్తగారికి వీధి మొదట్లో కుట్టు దుకాణం ఉంది. కోడలికి సూదీ దారంతో ఎంతకీ పొసగలేదు. అయితే ఒకరోజు చెడిపోయిన ఇస్త్రీపెట్టెను విప్పి, మళ్ళీ వేడెక్కేలా చేసింది. అది చూసి, నీకు బట్టలు కాదే, తీగలే అచ్చొస్తాయని అత్తగారే చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి కేంద్రంలో చేర్పించింది. ఇంటిపనంతా తన నెత్తిన వేసుకుంది. ఈలోగా పెద్దవీధిలో ఆస్పత్రి కడుతున్న మేస్త్రీ, సర్టిఫికెట్టు తెస్తే సోమవారం నుంచే పనిలోకి రమ్మన్నాడు. పరీక్ష శుక్రవారం.

పరీక్షలో మెట్లదారి కనెక్షను ఇచ్చారు. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు, రెంటికీ కలిపి ఒకటే బల్బు. బల్బు వెలగాలని నిబంధన. కరెంటు లేనిచోట వెలిగినట్లు భావించవచ్చునని దానికి సవరణ. పైనుంచి వచ్చిన పరీక్షాధికారి ఒక్కో బోర్డు ముందు నిలబడి వెలిగిందా అని అడుగుతున్నారు. వెలిగిందండీ అంటున్నారు అభ్యర్థులు. ఆయన కళ్ళు చికిలించి (వెలుతురు ఎక్కువైనట్టుంది) పాస్ అని రాస్తున్నారు. ఒకరి బోర్డుకు అసలు బల్బే లేదు. అది ఇంకా బాగా వెలిగిందని మెచ్చుకున్నారు.

కోడలి వంతు వచ్చింది.

"వెలిగిందా?"

"లేదండీ. కరెంటు లేదు కదా."

అధికారి మనసు కష్టపెట్టుకున్నారు. అందరికీ వచ్చిన కరెంటు ఈమె ఒక్కదానికే పోయిందంటే లోపం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. వెలిగిందని ఒక్క మాట అనేయమని మాస్టారు వెనకనుంచి బతిమాలారు. ఆ బోర్డును ఆమె తనకే నచ్చక అంతకుముందే ఒకసారి విప్పి మళ్ళీ కట్టింది. దాని గురించి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అధికారి ఫెయిల్ అని రాసి, ఆరునెలల తర్వాత రమ్మన్నారు.

వరండాలో కూర్చున్న అత్తగారు ఇదంతా వింది. లేచి పక్కనున్న టీకొట్టుకు వెళ్ళి, కొట్టతన్ని అడిగి, పొడుగు తీగ ఉన్న సాకెట్ల పెట్టెను అక్కడి ప్లగ్గులో తగిలించి ఇవతలికి పట్టుకొచ్చింది. కోడలు దాన్ని కిటికీలోంచి లోపలికి లాగి, తన బోర్డుకు కనెక్షను ఇచ్చింది. కింది స్విచ్చు వేస్తే బల్బు వెలిగింది. పై స్విచ్చు నొక్కితే ఆరింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ వెలిగింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళుగా తాను చెబుతున్నది నిజమేనని ఆయనకు ఆరోజే తెలిసింది.

హాల్లో కలకలం రేగింది. పెట్టెలో ఇంకా సాకెట్లు ఖాళీగా ఉన్నాయని గుమాస్తా గమనించాడు. క్షణాల్లో ఫోను ఛార్జింగుకు వరస కట్టారు, టోకెన్లు పంచారు. మొదటి టోకెను అధికారిది.

ఫోను తగిలించాక ఆయన శాంతంగా వివరించారు. బల్బు నిజంగానే వెలిగితే ఏం చెయ్యాలో నిబంధనల్లో ఎక్కడా లేదట. పైగా సర్టిఫికెట్టు లేని మనిషి ఆఫీసులోకి కరెంటు లాగడం నేరమట. కేసు రాయక తప్పదట.

కోడలి ముఖం పాలిపోయింది. అత్తగారు మాత్రం ఆయన ఫోను వంక చూసింది.

"మరి ఆ నేరం కరెంటుతోనే కదా బాబూ, మీ ఫోను నిండుతోంది?"

అధికారి కేసు కాగితం పక్కన పెట్టారు. నేరం జరగలేదనాలంటే, తీగ లాగేనాటికే ఆమె చేతిలో సర్టిఫికెట్టు ఉండి తీరాలి. అందుకని నిన్నటి తేదీ వేసి సంతకం పెట్టారు. (పరీక్షకు ముందురోజే పాసైన అభ్యర్థి ఆ కేంద్రం చరిత్రలో ఆమె ఒక్కతే.)

సోమవారం కోడలు ఆస్పత్రి పనిలో చేరింది. ఆ వారంలోనే అధికారి కుట్టు దుకాణం వెతుక్కుంటూ వచ్చారు. ఇంట్లో స్విచ్చు వేస్తే చిటపటమంటోందని, కోడల్ని ఒకసారి పంపమని అడిగారు. ఆమె పనినుంచి వచ్చేసరికి పొద్దుపోతుందని, ఆరోజు అంతమందిని పాస్ చేశారు కదా, వాళ్ళలో ఎవరినైనా పిలుచుకోమని అత్తగారు సలహా ఇచ్చింది.

"ఇంట్లో పిల్లలున్నారమ్మా" అన్నారు అధికారి.