మౌన ప్రార్థన ముగించేదెవరు

ఆదివారం ఉదయం గడియారాల మెకానిక్కు అద్దం ముందు టై కట్టుకుంటూ, ఇవాళ తన మాట నెగ్గాలి, మామగారి నోరు మూతపడాలి అని రెండు కోరికలు ఒక్కసారే కోరుకున్నాడు. మామగారు చర్చికి సంఘ పెద్ద. ఆరాధనలో ఆయన చేసే ప్రార్థన ఊళ్ళో జలుబు చేసినవాళ్ళందరినీ పేరుపేరునా పలకరించి, దేశదేశాల ప్రభుత్వాలను చక్కబెట్టి, ఆనక తుపానుల మీదికి వెళుతుంది. పిల్లలు ఓ కునుకు తీసి లేచేసరికి ఆయన ఇంకా నడిసముద్రంలోనే ఉంటాడు.

ఆరాధన క్రమం తయారుచేసే పని ఈమధ్యే అల్లుడి చేతికొచ్చింది. ఆరాధనలు ఎలా నడపాలో చెప్పే పుస్తకం ఒకటి తెప్పించుకుని నమిలి మింగేశాడు. అందులో మౌన ప్రార్థన అన్న మాట కనబడగానే ప్రాణం లేచొచ్చింది. మామగారి ప్రార్థన తీసేసి, ఆ చోట కాసింత మౌనం పెట్టాడు.

"సరే బాబూ, ఈ ఒక్క వారం మీ ముచ్చట తీర్చుకోండి" అన్నాడు మామగారు. "తేడా వచ్చిందా, క్రమం మళ్ళీ నా చేతికి రావాలి. ఆ తర్వాత మీరు నోరెత్తకూడదు."

ఒకే ఇంట్లో ఉండి, ఒకే బల్ల దగ్గర తినే మనుషులు గనక ఆ షరతు మామూలుది కాదు.

చర్చిలో కీబోర్డు వాయించేది అల్లుడి భార్య. "ఏమండీ, మౌనం అయిపోయిందని నాకెట్లా తెలుస్తుంది?" అని అడిగింది.

"పాస్టరు అయ్యగారు తల ఎత్తగానే మెల్లగా మొదలుపెట్టు. ఆయన ఎత్తేదాకా మీట ముట్టుకోకు."

"మీరు అంతగా చెప్పాక ముట్టుకుంటానా?"

ఇక మిగిలింది అయ్యగారు. ఆ పాస్టరుగారికి మౌనం పడదు, రెండు క్షణాలు ఖాళీ దొరికితే ప్రసంగం అందుకుంటాడు. ఆ భయంతో మెకానిక్కు ఆయన్ని చర్చి గుమ్మంలోనే పట్టుకున్నాడు. "అయ్యగారూ, కీబోర్డు వినబడేదాకా తల ఎత్తకండి."

"ఎత్తనయ్యా, మాటిస్తున్నా" అన్నాడాయన.

రెండు పళ్ళచక్రాలు ఒకదాన్లో ఒకటి చక్కగా అమిరాయని మనవాడు మురిసిపోయాడు. ముందు తిరగాల్సింది ఏదన్న ఆలోచన మాత్రం రాలేదు.

"మౌనంగా ప్రార్థిద్దాం" అంటూ అయ్యగారు తల వంచాడు. మొదట్లో దివ్యంగా ఉంది. కాసేపటికి ఎవరో దగ్గారు. ఓ బెంచీ కిర్రుమంది. మౌనం ముదరసాగింది. మెకానిక్కు ఒంటికన్ను తెరిచాడు. భార్య అయ్యగారి తల వైపే రెప్పవేయకుండా చూస్తోంది. అయ్యగారు కళ్ళు బిగించి, కీబోర్డు కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. అప్పుడు తెలిసొచ్చింది తను చేసిన ఘనకార్యం. వాయించమని భార్యకు చెయ్యి ఊపాడు. ముట్టుకోవద్దని మళ్ళీ హెచ్చరిస్తున్నాడనుకుని ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకుంది.

వెనక బెంచీల్లో గుసగుసలు బయల్దేరాయి. "ఇంతసేపు మౌనమేంటి? ఎవరన్నా పోయారా?"

"పెద్దాయన గొంతు వినబడలేదివాళ."

"ఆయన చోటు కూడా ఖాళీగా ఉందే."

ఖాళీగానే ఉంది మరి. మామగారు ముందు బెంచీ చాటున మోకాళ్ళ మీద వంగి, నోటితో చేయనివ్వని తన ప్రార్థనను మనసులో అక్షరం పొల్లుపోకుండా చేసుకుంటున్నాడు. ఇంకా తుపానులదాకా కూడా రాలేదు. ఇదంతా వెనకవాళ్ళకేం తెలుసు? గుసగుస నడిమి బెంచీలు దాటేసరికి పెద్దాయన పోవడం ఖాయమైపోయింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. చర్చి కాపలాదారు ముక్కు చీదుకుంటూ వెళ్ళి చావు గంట అందుకున్నాడు.

"అమ్మాయ్, మీ నాన్న పోయాడటమ్మా" అని ఎవరో భార్య చెవిన వేశారు. "నాన్నా" అంటూ ఆవిడ కీబోర్డు మీద పడిపోయింది. మీటలన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. ఇచ్చిన మాట తప్పని అయ్యగారు తల ఎత్తి, చిరునవ్వుతో "ఆమెన్" అన్నాడు.

ఆ గోలకి బెంచీ చాటునుంచి మామగారు లేచాడు. "గంట కొడుతున్నారు, ఎవరు పోయారు?"

ముందు వరసలో ఇద్దరు కెవ్వుమన్నారు. కూతురు పరుగున వచ్చి ఆయన్ని కావలించుకుని ఏడ్చింది. మామగారు చుట్టూ చూశాడు. అన్ని బెంచీల్లోనూ తడికళ్ళే. "నాకోసమా ఇదంతా?" అంటూ తనూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాక అల్లుడు తల దించుకుని క్రమం కాగితాలు ఆయన ముందుకి తోశాడు. ఆయన వాటిని మళ్ళీ ఇటే తోశాడు.

"మీ దగ్గరే ఉంచండి బాబూ. ఆ మౌనం ఎంత బాగుంది. ప్రతి వారం పెట్టాల్సిందే."

అల్లుడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"కాకపోతే దాన్ని ఎవరో ఒకరు ముగించాలి కదా" అన్నాడాయన. "అది నేను చూసుకుంటాలెండి."

ఇప్పుడు ప్రతి ఆదివారం మౌనం ఉంటుంది. దాన్ని ముగించడానికి మామగారి ప్రార్థన ఉంటుంది, అందులో ఆ రోజు తనకోసం ఏడ్చినవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు కొత్తగా చేరాయి. ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ సరిచేసే అల్లుడు చర్చికి మాత్రం గడియారం పెట్టుకుని వెళ్ళడం మానేశాడు.