లెక్కల టీచరుగారు మంత్ర అకాడమీలో చేరిన వైనం

కొరియా వాళ్లు గీసే మంత్ర అకాడమీ కామిక్స్‌ను వెంటనే నిర్బంధ పాఠ్యాంశం చెయ్యాలని నేను డిమాండ్ చేస్తున్నాను. పిల్లలకు కాదు. పిల్లలు ఎలాగూ చదువుతున్నారు, వద్దన్నా మానరు. రిటైరైన టీచర్లకు.

నవ్వకండి. ఊరికే అనడం లేదు. మా ఇంట్లో జరిగింది కాబట్టి అంటున్నాను.

ముందుగా, ఈ కామిక్స్ ఎరగని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఫోన్‌లో వేలితో పైకి తోసుకుంటూ చదివే బొమ్మల కథలివి. నేను చూసినవాటిలో కథ ఒక్కటే. హీరో నలభయ్యేళ్ల వయసులో రాక్షసరాజు చేతిలో చస్తాడు. కళ్లు తెరిచేసరికి పదహారేళ్లవాడై, మంత్ర అకాడమీలో మొదటి రోజు క్లాసులో కూర్చుని ఉంటాడు. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో వాడికి ముందే తెలుసు, ఎవడు వెన్నుపోటు పొడుస్తాడో తెలుసు. ఇక మొదటి బతుకులో తనను ఏడిపించినవాళ్లందరి పనీ పడతాడు. ఇలా మూడు వందల ఎపిసోడ్లు.

నలభయ్యేళ్లవాడు మళ్లీ యూనిఫాం తొడుక్కుని హోమ్‌వర్క్ చెయ్యడంలో ఏం సుఖముంది? నాకు అర్థం కాలేదు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి అర్థమైంది. ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో హీరోను చంపి బతికిస్తూ ఉండేది.

ఈ పరిస్థితుల్లో మా అత్తగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని, ఆరు వారాల విశ్రాంతికి మా ఇంటికి వచ్చారు.

ఆవిడ అందరిలాంటి అత్తగారు కాదు. ముప్పయ్యారేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. అందులో మూడేళ్లు నాకే చెప్పారు. అవును, నేను మా లెక్కల టీచరుగారి అల్లుణ్ణి. పెళ్లిరోజు ఆవిడ హాల్లోకి రాగానే నేను కుర్చీలోంచి లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తుంది. ఇవాళ్టికీ నాకు ఆవిడ టీచర్‌గారే. అత్తయ్యగారూ అని పిలుద్దామంటే నోరు తిరగదు.

వచ్చిన రెండో రోజే మనవరాలి చేతిలోని ఫోన్ మీద ఆవిడ కన్ను పడింది.

"ఇలా తే. ముందు నేను చదివి, నువ్వు ఎందుకు చదవకూడదో చెప్తాను."

తీసుకున్నారు. మళ్లీ ఇవ్వలేదు. మూడు రోజులు చూసి, తన ఫోన్ తనకు ఇప్పించమని అమ్మాయి నా దగ్గర మొరపెట్టుకుంది.

మొదట్లో అది చదవడం కాదు, ఇన్‌స్పెక్షన్. సోఫాలో మోకాలి కింద దిండు పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి, తప్పులు పట్టేవారు.

"ఈ స్కూల్లో అటెండెన్స్ ఎవరు తీసుకుంటారే?"

"ఎవరూ తీసుకోరు అమ్మమ్మా."

"వార్షిక పరీక్షలో పిల్లల మీదికి డ్రాగన్‌ను వదిలారు. ముగ్గురు పోయారు. హెడ్మాస్టర్ మీద ఎంక్వైరీ లేదూ?"

"హెడ్మాస్టరే రాక్షసుడు అమ్మమ్మా. నూట పన్నెండో ఎపిసోడ్‌లో తెలుస్తుంది."

"నాకు పదో ఎపిసోడ్‌లోనే తెలిసింది. టైం టేబుల్ లేకుండా స్కూలు నడిపేవాడు మనిషెలా అవుతాడు?"

ఇల్లు హాయిగా ఉంది. నేను పత్రికకు రాసే కాలమ్‌లో కామాలు ఎక్కువయ్యాయని, నా గడ్డం ఒకవైపే సరిగా గీశానని చెప్పేవాళ్లు లేరు. ఒక అల్లుడికి ఇంతకంటే వరం ఏం కావాలి?

అలా నూట నలభై రెండో ఎపిసోడ్ వచ్చింది. అందులో ఒక ముసలి ప్రొఫెసర్. హీరో మొదటి బతుకులో, క్లాసు మొత్తం ముందు, "నీలో మంత్రశక్తి లేదు, ఇది నీ వల్ల కాదు" అని వాణ్ణి చివరి బెంచీకి పంపినవాడు. రెండో బతుకులోనూ ఆయన సరిగ్గా అదే మాట అంటాడు. హీరో మంత్రం వెయ్యడు, కత్తి దూయడు. "కిందటిసారి మీ మాట చచ్చేదాకా నమ్మాను సార్" అంటాడు, అంతే.

అత్తగారు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. టీ చల్లారిపోయింది. నొప్పేమోనని మా ఆవిడ మాత్ర తెచ్చింది. అత్తగారు మాత్ర వద్దని నోట్‌బుక్ అడిగారు. సాయంత్రానికి అందులో తొమ్మిది పేర్లు చేరాయి.

"ఎవరమ్మా వీళ్లంతా?" అంది మా ఆవిడ.

"నీ వల్ల కాదని నేను అన్నవాళ్లు. నాకు గుర్తున్నంతవరకు."

"అన్నావే అనుకో. ఇప్పుడేం చేస్తావు?"

"కాలంలో వెనక్కి వెళ్లలేను. కారులో వెళ్లొచ్చు కదా" అంటూ ఆవిడ నా వైపు చూశారు.

ఆవిడ అలా చూశాక కూర్చుని ఉండటం నాకు చేతకాదు. తాళాలు తీసుకున్నాను.

మొదటివాడు దర్జీ. ఐదు మిషన్ల షాపు. ఆవిడ కర్ర ఊతంతో లోపలికి రాగానే మెడలోని టేపు సర్దుకుని నిలబడ్డాడు.

"నీకు ఈ జన్మలో కొలతలు రావన్నాను. తప్పన్నాను నాయనా. క్షమించు."

"అన్నారా టీచర్? గుర్తే లేదు. మీరు చాక్‌పీస్ విసిరితే గురి తప్పేది కాదు. అదొక్కటే గుర్తు."

క్షమాపణ చెల్లలేదు. పైగా అతను నా ప్యాంటు చూసి జాలిపడి నడుం కొలతలు తీసుకున్నాడు.

రెండో ఆయన పళ్ల డాక్టరు. ఆవిడ నోరు విప్పగానే లోపలికి లైటు వేశాడు. క్షమాపణ చెప్పుకోవడానికి పది నిమిషాలు పట్టింది. "మీరన్నది నిజమే టీచర్, అప్పట్లో నేను పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. కానీ ఈ వెనక పన్ను మాత్రం తీసెయ్యాలి" అన్నాడు. అది వైద్యమా, పగ తీర్చుకోవడమా అని ఆవిడ దారంతా ఆలోచించారు.

ఇలా ఆరుగురు. అందరూ నవ్వారు, టీ ఇచ్చారు, ఫొటోలు దిగారు. నాకూ సరదాగానే ఉంది. ఏడో పేరు దగ్గర ఆ సరదా ఆగింది.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. మమ్మల్ని చూసి చేతి గ్లవ్స్ తీసేసింది, కూర్చోమంది. నవ్వలేదు.

"నాకు గుర్తుంది టీచర్" అంది, అత్తగారు ఇంకా మొదలుపెట్టకముందే. "తొమ్మిదో క్లాసు, బి సెక్షన్. బోర్డు మీద లెక్క చేస్తున్నాను. సగంలో ఆపి, ఇది నీ వల్ల కాదు, వెళ్లి కూర్చో అన్నారు. ఆ తర్వాత నేను బోర్డు దగ్గరికి రాలేదు. పై చదువుల్లో లెక్కలు తీసుకోలేదు."

"ఆ లెక్క గుర్తుందా అమ్మా?"

ఉంది. ఒక కుళాయి ఆరు గంటల్లో తొట్టి నింపుతుంది. ఇంకో గొట్టం పన్నెండు గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ తెరిస్తే తొట్టి ఎప్పటికి నిండుతుంది? ఆమె ఒక ల్యాబ్ ఫారం వెనక రాయడం మొదలుపెట్టింది. "పన్నెండు గంటల్లో కుళాయి రెండు తొట్లు నింపుతుంది" అని రాసి ఆగింది.

"ఇక్కడే ఆపారు టీచర్. ఉన్నది ఒక్క తొట్టయితే రెండోది ఎక్కణ్ణుంచి తెచ్చావు అన్నారు. క్లాసంతా నవ్వింది."

"ఊఁ. కానియ్యి."

"అదే పన్నెండు గంటల్లో గొట్టం ఒక తొట్టి ఖాళీ చేస్తుంది. మిగిలింది ఒకటి. అంటే పన్నెండు గంటలు."

భిన్నాలు లేవు, అడ్డ గుణకారాలు లేవు. నాకు కూడా అర్థమైందంటే ఎంత చక్కటి దారో చూసుకోండి.

అత్తగారు కళ్లజోడు తీశారు. "సరైన జవాబే. నా పద్ధతికంటే ఇది మేలు. నేను చివరిదాకా వినలేదమ్మా. తప్పు నాది."

"పర్వాలేదని అనను టీచర్" అంది ఆమె. "నాకు చాలా పోయింది. కానీ మీరు వచ్చారు." ఆ ఫారం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. మళ్లీ గ్లవ్స్ తొడుక్కుంది.

కారు రెండు సిగ్నళ్లు దాటాక ఆవిడ, "ముప్పయ్యేళ్లు" అన్నారు.

ఇక నా సంగతి. ఎనిమిదో క్లాసులో నా జవాబు పత్రం గాల్లోకి ఎత్తి, "ఈ బుర్రకు లెక్కలు ఎక్కవు" అని ప్రకటించింది కూడా ఈవిడే. ఆ నోట్‌బుక్ నేను తెరిచి చూడలేదు, మర్యాద కాదు కదా. కానీ తొమ్మిదో పేరు నాది కాక ఎవరిదవుతుంది? ఇంట్లోవాణ్ణని చివర పెట్టి ఉంటారు. గడ్డం గీసుకుంటూ అద్దం ముందు జవాబు సాధన చేశాను. "అయ్యో, పెద్దవారు, అంత మాట అనకండి." గొంతు కాస్త వణకాలా వద్దా అన్నదొక్కటే తేలలేదు.

తొమ్మిదో పేరు ఒక బస్సు కండక్టరుది.

ఆరు వారాలు అయిపోయాయి. ఆవిడను ఇంటికి దింపడానికి సంచులు కారులో పెట్టాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"టీచర్‌గారూ, నా పేరు మర్చిపోయినట్టున్నారు."

"దేంట్లో?"

"నోట్‌బుక్‌లో. ఎనిమిదో క్లాసులో నాకు లెక్కలు ఎక్కవన్నారు."

ఆవిడ నన్ను తేరిపార చూశారు. "ఎక్కాయా?"

కిందటి నెలే గోడకు అర బిగిద్దామని కొలిచి, జానెడు తక్కువ చెక్క కోయించుకొచ్చాను. పక్కనే మా ఆవిడ నిలబడి ఉంది కాబట్టి అబద్ధమాడే వీలు లేదు.

"లేదండి."

"మరి నేనన్నదాంట్లో తప్పేముంది? తప్పుగా అన్నవాళ్ల పేర్లే రాసుకున్నాను." కర్ర లోపల పెట్టి, కూర్చుని, బెల్టు బిగించుకున్నారు. "రావని తెలిసే మా అమ్మాయిని నీకిచ్చాను. మనిషివి మంచివాడివని కూడా తెలుసు కదా. పోనియ్యి."

పోనిచ్చాను. ఇంకేం చేస్తాను?

పాఠకులారా, నా అసలు ఫిర్యాదు ఇది. ఆ కామిక్స్ మూడు వందల ఎపిసోడ్లూ నేను కూర్చుని చదివాను. అన్యాయమైపోయినవాడికి రెండో బతుకు ఉంది, ద్రోహం చేసినవాడికి ఉంది, ఆఖరికి రాక్షసరాజుకు కూడా ఉంది. మొదటి బతుకులోనే న్యాయం జరిగిపోయినవాడి గోడు మాత్రం ఒక్కడూ గీయలేదు.