అరచేయంత డెమో

ఆ ఉదయం చిన్నకోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీచరమ్మ ఇంటి తలుపు తట్టడం, కార్పెట్ మీద అరచేయంత మేర ఆవిరితో మురికి వదిలించే మెషీను నడిపి చూపించడం, ఆవిడ నోరెళ్లబెట్టగానే ఆర్డరు రాయించుకోవడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాళ్లు బారజాపి పడుకోవడం. పథకంలో లోపమేమీ లేదు. చిక్కల్లా అది ఆడపడుచు నేర్పిన పథకం కావడమే.

ఈ ఆడపడుచు, అంటే మొగుడి అక్క, కొన్నేళ్లుగా ఆ మెషీన్లను ఇంటింటికీ తిరిగి అమ్మే డైరెక్ట్ సేల్స్ కన్సల్టెంటు. మనిషి కనిపిస్తే చాలు, క్షేమసమాచారాలకన్నా ముందు "ఎన్ని ఒడుదొడుకులొచ్చినా నిలబడే వ్యాపారం" గురించి మొదలుపెడుతుంది. ఆవిడ ధాటికి ఆగలేక చిన్నకోడలు కూడా కన్సల్టెంటయింది. ఇంట్లో కాళ్లు తుడుచుకునే పట్టాల మీద కుస్తీ పట్టి, మెషీను నడపడం తనంతట తానే నేర్చుకుంది. అయినా ఇంతవరకూ ఒక్కటీ అమ్ముడుపోలేదు.

మామగారు ఊరుకుంటారా? ఆయనకో జిరాక్సు కొట్టుంది. అందులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కాగితం వంకరగా పెట్టారని పొద్దస్తమానం ఆయన చేత చీవాట్లు తినాలి. ముందు రోజు భోజనాల దగ్గర చిన్నకోడలు పౌరుషానికి పోయి, "రేపు సాయంత్రంలోగా ఒక్కటైనా అమ్మకపోతే ఎల్లుండి నుంచి మీ కొట్టుకే వస్తాను మామయ్యా" అనేసింది. ఆయన వెంటనే వెళ్లి కుర్చీ తుడిచి వచ్చారు.

బయలుదేరేముందు ఆడపడుచు ఫోన్లో మరోసారి హెచ్చరించింది. "డెమో కార్పెట్ మధ్యలో చెయ్యి. మూలన చేస్తే ఎవరి కంటా పడదు. అరచేయంతే, గుర్తుందా?"

"గుర్తుంది వదినా."

టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైరైంది గానీ ఆవిడ గొంతు ఇంకా రిటైర్ కాలేదు. చిన్నకోడలు ఫలానా ఆవిడ మరదలినని చెప్పుకోగానే ఆవిడ మొహం అదోలా అయింది. అయినా "ఏం చూపిస్తావో చూపించు" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. హాల్లో మట్టిరంగు కార్పెట్, దాని మీద మట్టిరంగు సోఫా. చిన్నకోడలు మెషీనులో నీళ్లు పోసి, ప్లగ్గు పెట్టి, కార్పెట్ నట్టనడుమ ఆవిరి పట్టించింది. గొట్టం తీసి చూస్తే అక్కడ అరచేయంత మేర మీగడరంగు తేలింది.

టీచరమ్మ నోరెళ్లబెట్టింది. అంతవరకూ పథకం ప్రకారమే జరిగింది. ఆ నోట్లోంచి వచ్చిన మాటే పథకంలో లేదు.

"నా కార్పెట్ రంగు పోగొట్టావు!"

"పోలేదు టీచరుగారూ. అదే దాని అసలు రంగు."

"నాకు చెప్తావా? మా అత్తగారి హయాం నుంచీ ఇది మట్టిరంగే!"

"అయితే మీ అత్తగారు కూడా..." అని చిన్నకోడలు నాలిక్కరుచుకుంది.

"మాటలొద్దు. ఈ మచ్చ పోగొట్టి కదులు ఇక్కణ్ణుంచి."

శుభ్రమైనదాన్ని మళ్లీ మురికి చేసే మెషీను ఇంకా ఎవరూ తయారుచేయలేదు. మిగిలిన దారి ఒక్కటే, మచ్చను కార్పెట్ అంత చేయడం. చిన్నకోడలు మోకాళ్ల మీద కూర్చుని, పళ్లు కొరుక్కుంటూ మొదలుపెట్టింది. కార్పెట్ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, నడుం పడిపోయింది. టీచరమ్మ ఒకసారి కార్పెట్‌నీ ఒకసారి సోఫానీ చూసింది.

"నువ్వొచ్చేదాకా మా సోఫా లక్షణంగా ఉంది" అంది.

చిన్నకోడలు బాల్కనీలోకి వెళ్లి ఆడపడుచుకు ఫోన్ చేసి మొరపెట్టుకుంది.

"అరచేయంతే అన్నాను కదే!"

"అరచేయంతే చేశాను వదినా. అదే పెరిగింది."

చిన్నకోడలు సోఫా పని మొదలుపెట్టే వేళకు టీచరమ్మ భర్త లైబ్రరీ నుంచి వచ్చారు. గుమ్మంలోంచి మీగడరంగు హాలు చూసి, "క్షమించండి, ఇల్లు పొరబడ్డాను" అని గిరుక్కున తిరిగారు. ఇంకో అంతస్తు ఎక్కి, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వెళ్లి, మట్టిరంగు సోఫా కనబడగానే నిశ్చింతగా నడుం వాల్చారు. కాసేపటికి మేడ అదిరేలా కేక వినిపించింది. పై అంతస్తు ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని కిందికి దించుకొచ్చింది.

"మీవారు మా ఇంట్లో గురక పెడుతున్నారండీ!" అని గొడవకు దిగబోయి, కార్పెట్ చూసి గొడవ సంగతే మరిచిపోయింది. "ఎంత బాగా చేస్తోంది! ఈ పనమ్మాయి ఎక్కడ దొరికింది మీకు?"

"నేను పనమ్మాయిని కాదండీ, కన్సల్టెంటుని."

"ఏదైతేనేం, రేపు మా ఇంటికి రా."

చిన్నకోడలికి ఒళ్లు మండింది. ఆ మంట మెషీనుకూ అంటుకుందో ఏమో, సోఫా సగం అయ్యేసరికి అది కీచుమని, కమురు వాసన వేసి ఆగిపోయింది. సోఫా సగం మీగడ, సగం మట్టి. ఉన్న ఒక్క మెషీనూ పోయింది, అమ్మకమా లేదు, తుడిచిపెట్టిన కుర్చీ కళ్లముందు కదిలింది. చిన్నకోడలు నేల మీద చతికిలబడి భోరుమంది.

టీచరమ్మ మొదటిసారి మెత్తబడింది. భర్త చేత నిచ్చెన వేయించి, అటక మీది అట్టపెట్టె ఒకటి దింపించింది. విప్పితే అందులో అచ్చం అదే మెషీను. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"మీకిది ముందే ఉందా! పొద్దున్నే చెప్పొచ్చు కదండీ!"

"ఉందా అని అడిగావా? చూపిస్తానన్నావు, చూపించమన్నాను. బొమ్మ చూపించి మీ ఆడపడుచే అంటగట్టింది. ఎలా నడపాలో చెప్పనే లేదు."

"మా అటక మీదా ఒకటుంది" అంది పై అంతస్తు ఆవిడ. "ఈ మేడలో లేనిదెవరికి?"

సాయంత్రం మామగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. "అమ్మావా?"

"లేదు మామయ్యా."

"అయితే రేపు పొద్దున్నే కొట్టుకి..."

"రేపు పై అంతస్తు మామయ్యా, ఎల్లుండి వాళ్ల ఎదురిల్లు. మేడ మేడంతా రమ్మంటున్నారు. మెషీన్లు వాళ్లవే, నేను నడిపిపెడితే డబ్బులిస్తారట. నా మాట నేను తప్పుతున్నాను, తిట్టండి."

తిట్టడానికి ఆయనకు వంకర కాగితమేదీ దొరకలేదు. చిన్నకోడలు నేరుగా గదిలోకి వెళ్లి, ఆడపడుచును ఫోన్లోనే కడిగేయడానికి సిద్ధపడింది. "మేడంతా మీరే అమ్మేసి, నన్నెందుకు పంపారు వదినా అక్కడికి?"

అవతల గొంతు బాగా తగ్గి వినిపించింది.

"అది సరే గానీ అమ్మాయ్, నా మెషీనూ అటక మీదే ఉంది. మా సోఫా చూస్తే నాకే ఏదోలా ఉంటోంది. నాకూ నడపడం రాదే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది. ఎప్పుడొస్తావు?"

వరసకు పెద్దదే అయినా, ఆడపడుచుకు దొరికింది మాత్రం వరసలో చివరి చోటు.