జనార్ధనరావు తుపాకికి రంగు వేసిన రోజు

ఆ శనివారం జనార్ధనరావు పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నంలోగా తుపాకి కర్రకి రంగు వేసెయ్యాలి.

తుపాకి అంటే దుకాణంలో కొన్నది కాదు. గొట్టం మూతిలోంచి మందు కూరి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చే రెండు వందల ఏళ్ళ నాటి పద్ధతిది. నిలబెడితే మనిషి గడ్డం దాకా వస్తుంది. ఒక్క గొట్టం మాత్రం కొన్నాడు. మిగతాదంతా మూడేళ్ళుగా కెనడాలోని విండ్సర్‌లోని తన గ్యారేజ్‌లో కూర్చుని ఉలితో, ఆకురాయితో చేసుకున్నాడు. కర్ర భాగం అలల్లాంటి చారలున్న మేపుల్ పలక. ఆ చారలు పైకి తేలాలంటే ఇనుము కరిగించిన ఆసిడ్ పూసి, వేడిగాలి తగిలించాలి. పచ్చగా ఉన్న చెక్క నిమిషంలో ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుందని పుస్తకాల్లో చదవడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ఆ నిమిషం కోసమే మూడేళ్ళు ఆగాడు.

పంతొమ్మిదేళ్ళు కారు విడిభాగాల ఫ్యాక్టరీలో టూల్ రూమ్ పని చేసిన మనిషి. డిసెంబరులో వాళ్ళ షిఫ్ట్ మొత్తం తీసేశారు. అప్పటినుంచి ఈ మే నెల దాకా ఇంట్లోనే ఉన్నాడు. ముందే తక్కువ మాట్లాడేవాడు. ఇప్పుడు వాక్యాలు కూడా కుదించేశాడు. భార్య ధరణి ఆసుపత్రిలో పని చేస్తుంది. పొద్దున డ్యూటీకి వెళ్తూ, "ఏవండీ, ఇవాళైనా కాస్త బయటికి వెళ్ళి గాలి పీల్చుకోండి" అంది.

"ఇవాళ పనుంది" అన్నాడు.

ఆమె కారు వెళ్ళిపోయాక అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆసిడ్ వేడెక్కితే పొగలు వస్తాయి, ధరణికి ఉబ్బసం. మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు తీస్తే ప్రమాదం. అందుకని ఒక కాగితం రాసి, ఇంట్లోంచి గ్యారేజ్‌లోకి వెళ్ళే తలుపుకి అంటించాడు.

"ధరణీ, ఇన్నాళ్ళూ నాన్చాను. ఈరోజుతో ముగించేస్తున్నాను. గ్యారేజ్ తలుపు తీయకు. నువ్వు తట్టుకోలేవు. ఫ్రిజ్‌లో దోసకాయ పప్పు ఉంది."

అవసరమైనదంతా రాశాననుకున్నాడు. ఫోన్ ఆపేసి, ముక్కుకీ నోటికీ రెండు డబ్బాలున్న మాస్క్ బిగించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పాత పాటలు వింటూ లోపల తలుపు గడియ వేసుకున్నాడు.

పది గంటలకి రామ్మోహన్ వచ్చాడు. మూడు వీధుల అవతల ఉంటాడు. వరంగల్ మనిషి, అదే ఫ్యాక్టరీ, అదే షిఫ్ట్, డిసెంబరులో అదే రోజు ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. కాకపోతే రామ్మోహన్‌కి జనవరిలోనే నది అవతల అమెరికాలోని డెట్రాయిట్‌లో వేరే పని దొరికిందట. రోజూ పొద్దున్నే లంచ్ బాక్స్ తీసుకుని బోర్డర్ దాటి వెళ్తాడని అందరికీ తెలుసు. జనార్ధనరావు కిందటివారం ముంగిట్లో మంచు తోసే తన స్నో బ్లోవర్‌ని అతనికి ఇచ్చేశాడు. నడుము నొప్పి వల్ల ఇక మంచు తోయలేడు గనక ఇచ్చాడు. పైకి మాత్రం, "తీసుకుపో. వచ్చే చలికాలానికి నాకు దీంతో పనుండదు" అన్నాడంతే. దాని తాళం చెవి ఇవ్వడం మరిచిపోయాడు. రామ్మోహన్ ఆ తాళం చెవి అడగడానికని వచ్చాడు. మే నెలలో స్నో బ్లోవర్ తాళం చెవి ఎందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

బెల్లు కొట్టాడు, పలకలేదు. ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఇంటి తలుపు కోడ్ అతనికి తెలుసు. నొక్కి లోపలికి వచ్చి, "అన్నా!" అని పిలుస్తూ వంటగది దాటి గ్యారేజ్ తలుపు దగ్గర ఆగాడు. కాగితం చదివాడు. ఇంకోసారి చదవాల్సిన పని లేకపోయింది. తలుపు బాదాడు. లోపల హెడ్‌ఫోన్లలో పాట మోగుతోంది గనక ఆ బాదుడు వినాల్సిన మనిషికి వినపడలేదు.

"వదినా, నువ్వు కూర్చునే ఉన్నవా?" ఫోన్‌లో ధరణిని అడిగాడు రామ్మోహన్.

"ఏమైంది రామ్మోహన్ గారూ?"

"అన్న లోపల గడియ పెట్టుకుండు. ఒక చీటీ రాసి పెట్టిండు. ఫోటో పంపుతున్న. నువ్వు గాబరా పడకు."

గాబరా పడకు అన్నాక ఎవరు పడరు? ధరణి ఫోటో చూసింది. ఐదు నెలల మౌనం, నిద్రలో పళ్ళు కొరకడం, కిటికీ దగ్గర నిలబడి ఏమీ లేని వీధిని గంటలకొద్దీ చూడడం, అన్నీ ఆ ఐదు వాక్యాల వెనక వరుసగా వచ్చి నిలబడ్డాయి. కారు తాళాలు తీసుకుని పరిగెత్తుతూనే, కెనడాలోనే రెండు గంటల దూరంలో ఉన్న లండన్‌లో చదువుకుంటున్న కూతురు నిఖిలకి ఫోన్ చేసింది.

"నాన్న నీతో ఏమైనా అన్నారా? ఎప్పుడు మాట్లాడారు?"

"లాస్ట్ నైట్, అమ్మా. హీ సెడ్ ది రైఫిల్ ఈజ్ మైన్. హీ సెడ్ హీ వోంట్ మేక్ అనదర్ వన్. వై? అమ్మా, వై ఆర్ యూ క్రయింగ్?"

తుపాకి నీదే, ఇంకోటి చెయ్యను అనడంలో జనార్ధనరావు ఉద్దేశం ఒక్కటే, వేళ్ళ కీళ్ళు నొప్పి పుడుతున్నాయని. నిఖిల మాత్రం ఫోన్ పెట్టేసి నేరుగా పోలీసు సాయం కోసం 911కి చేసింది. "మై డాడ్ హాజ్ ఎ గన్" అన్న మాటతో మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ అమ్మాయి చెప్పినవన్నీ నిజాలే. అయినా మొదటి వాక్యం తర్వాత వాటిని ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

ఈలోగా గ్యారేజ్‌లో జనార్ధనరావు ఐదు నెలల్లో మొదటిసారి నవ్వుతున్నాడు. వేడిగాలి ఊదే హీట్ గన్ తగిలిన చోటల్లా చెక్క ఎర్రబారి, చారలు పులి వీపులాగా లేస్తున్నాయి. చెయ్యి ఆడిస్తే అవి కదులుతున్నట్టున్నాయి. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. అంతలో పొగలు తలుపు సందులోంచి ఇంట్లోకి పాకడంతో పొగ అలారం పాటని మించి అరవసాగింది. హెడ్‌ఫోన్లు తీశాడు. ఇల్లు పొగతో నిండితే ధరణి ఎలా ఉంటుందన్న భయంతో, హీట్ గన్ బల్ల మీద పెట్టి, గోడ మీది బటన్ నొక్కాడు. పెద్ద తలుపు మెల్లగా పైకి లేచింది. వెలుతురులో రంగు ఎలా ఉందో చూద్దామని తుపాకిని రెండు చేతుల్లో ఎత్తుకుని, పొగలోంచి బయటికి నడిచాడు.

ఎదురుగా మూడు పోలీసు కార్లు ఉన్నాయి. ప్రతి కారు తలుపు వెనకా ఒక మనిషి, ప్రతి మనిషి చేతిలో ఒక తుపాకి.

"డ్రాప్ ఇట్! డ్రాప్ ది వెపన్!"

డ్రాప్ అన్న మాట జనార్ధనరావుకి అర్థమైంది. అయితే మూడేళ్ళ పనిని తారు నేల మీద పడేయమంటున్నారని మాత్రం మనసు ఒప్పుకోలేదు. మాస్క్ లోంచి "వెట్! ఇట్ ఈజ్ వెట్!" అని అరిచాడు. బయటికి మూలుగులా వినిపించింది.

"ఎనీథింగ్ ఎల్స్ ఇన్ దేర్?"

అబద్ధం చెప్పడం ఇష్టం లేక మాస్క్ కిందికి లాగి, "ఓన్లీ హీట్ గన్!" అన్నాడు.

చివరి మాటకి ముగ్గురు ఆఫీసర్లూ ఒక్కసారిగా వంగారు.

అప్పుడు ఇంటి పక్కనుంచి రామ్మోహన్ పరిగెత్తుకొచ్చాడు. పోలీసులు అతన్ని వీధి చివరికి పంపించారు, ఎలా తప్పించుకున్నాడో తెలీదు. రెండు చేతులూ చాపి తుపాకులకీ జనార్ధనరావుకీ మధ్య నిలబడ్డాడు. "డోంట్ షూట్! షూట్ మీ! మీ షూట్!" అని ఏడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "అన్నా, కింద పెట్టు. నీ కాళ్ళు మొక్కుత, కింద పెట్టే!" అన్నాడు.

జనార్ధనరావుకి అప్పుడు భయమేసింది. ఇంకో రెండు క్షణాలు ఆలస్యమైతే ఇద్దరిలో ఎవరో ఒకరు పోతారని తెలిసింది. మోకాళ్ళ మీద వంగి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు తుపాకిని నేల మీద పెట్టాడు. తడి రంగుకి ఇసుక అంటుకుంటున్న చప్పుడు అతనొక్కడికే వినిపించింది. తర్వాత చేతులకి సంకెళ్ళు పడ్డాయి.

ధరణి వచ్చేసరికి అతను పోలీసు కారు వెనకసీట్లో ఉన్నాడు. పావుగంట మాట్లాడాక, కాగితాన్ని ఫోన్‌లో అనువాదం చేసి చూసుకున్నాక, గ్యారేజ్ అంతా వెతికి ఆసిడ్ సీసా, హీట్ గన్ పట్టుకొచ్చాక, ఒక ఆఫీసర్ సంకెళ్ళు విప్పాడు. అప్పుడు ధరణి భర్త ఛాతీ మీద రెండు పిడికిళ్ళతో కొట్టింది.

"ముగించేస్తున్నాను అని రాస్తారా? తట్టుకోలేవు అని రాస్తారా?"

"పొగ గురించి ధరణీ. చచ్చేవాడు దోసకాయ పప్పు గురించి రాస్తాడా?"

"మీరైతే రాస్తారు!" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

అయినా పద్ధతి పద్ధతే. అంబులెన్స్ వచ్చింది, అందులో ఒక నర్సు వచ్చింది. ఇలాంటి కేసుల్లో అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయట, అవి అడగకుండా వెళ్ళడానికి వీల్లేదట. జనార్ధనరావుని ముందుగదిలో కూర్చోబెట్టి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు రాసుకుంది. అలారం మోతకి అతని చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. పంతొమ్మిదేళ్ళు మాట్లాడిన ఇంగ్లిష్ ఎటో పోయింది. దాంతో రామ్మోహన్ పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పసాగాడు.

"నిద్ర పడుతుందా అని అడుగుతుంది అన్నా."

"అంతంత మాత్రం."

"నువ్వు లేకుంటే ఇంట్లోవాళ్ళు సుఖంగా ఉంటరని ఎప్పుడన్నా అనిపించిందా?"

"ధరణికి టీవీ రిమోట్ కూడా సరిగ్గా రాదు. ఎలా ఉంటుంది సుఖంగా?"

నర్సు తర్వాతి ప్రశ్న చదివింది. రామ్మోహన్ నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆమె ఇంకోసారి చదివింది.

"ఏమంటోందయ్యా?" అన్నాడు జనార్ధనరావు.

"ఎట్ల చెయ్యాలె, ఎప్పుడు చెయ్యాలె అని… ఏమన్నా ప్లాన్ చేసుకున్నవా అంటుంది."

"లేదని చెప్పు."

రామ్మోహన్ చెప్పలేదు. తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. జనార్ధనరావు మెల్లగా అతని వైపు తిరిగాడు. వినాల్సినవి చెవిలో పడకుండా గడిచిన ఆ ఉదయమంతటిలో ఆ మౌనం ఒక్కటే అతనికి సరిగ్గా వినిపించింది.

"రామ్మోహన్, ఆ కాగితం ఒక్కసారి చదవగానే నీకు అలా ఎందుకు అర్థమైంది?"

"నేను అసొంటివి నాలుగు రాసి చింపిన అన్నా."

డెట్రాయిట్‌లో ఉద్యోగం లేదు. ఎప్పుడూ లేదు. జనవరి నుంచి రోజూ పొద్దున్నే భార్య ధాత్రి కట్టిచ్చిన బాక్స్ తీసుకుని, నది ఒడ్డున పార్కింగ్‌లో కారు ఆపి, అవతలి ఒడ్డు చూస్తూ కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళ్తున్నాడు.

"తాళం చెవి కోసం రాలేదన్నా. నిన్ను ఒక్కసారి చూసి పోదామని వచ్చిన. ఇవాళ మల్ల నది కాడికి పోయేది ఉండె. ఇక్కడ చూస్తే నువ్వు చీటీ రాసి పెట్టినవ్. నీ మీద కోపం వచ్చింది నాకు. చానా కోపం వచ్చింది. నువ్వు పోతే ఎట్ల అని."

జనార్ధనరావు ఓదార్పు మాటలేవీ చెప్పలేకపోయాడు, అవి అతనికి ఎప్పుడూ రాలేదు. ఆసిడ్ మరకలున్న చేత్తో రామ్మోహన్ మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా, వైస్‌లో ఇనుప ముక్కని బిగించినట్టు. నర్సుకి తెలుగు రాదు. అయినా కాగితాలు పక్కన పెట్టి, కుర్చీని రామ్మోహన్ వైపు జరుపుకుంది.

అంబులెన్స్‌లో ముందు రామ్మోహన్ ఎక్కాడు. వెనకే జనార్ధనరావు ఎక్కాడు, అతన్ని దిగమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ధరణి ధాత్రిని తీసుకురావడానికి వెళ్ళింది. తుపాకిని పోలీసులు పరీక్షకని పట్టుకెళ్ళారు.

రామ్మోహన్ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తర్వాత రోజూ పొద్దున్నే అదే లంచ్ బాక్స్ పట్టుకుని జనార్ధనరావు గ్యారేజ్‌కి రావడం మొదలుపెట్టాడు. ధాత్రే దింపి వెళ్ళేది. తుపాకి ఇంకా తిరిగి రాలేదు గనక ఇద్దరూ కూర్చుని దాని కర్రకి బిగించే ఇత్తడి డబ్బీ మూతకి ఆకురాయి పట్టేవాళ్ళు. గంటకి రెండు మాటలు. ఒక్కోరోజు రామ్మోహన్ ఏమీ చేయకుండా గోడ వంక చూస్తూ కూర్చునేవాడు. అలాంటి రోజుల్లో జనార్ధనరావు కూడా పని ఆపి ఆ గోడ వంకే చూసేవాడు.

నర్సు కాగితాల్లో మొదట రాసుకున్న జనార్ధనరావు పేరు, ఫోన్ నంబరు అలాగే ఉండిపోయాయి. అందుకని వారానికి మూడుసార్లు జనార్ధనరావుకి ఫోన్ వచ్చేది, "మిస్టర్ రావు, హౌ ఆర్ యూ ఫీలింగ్ టుడే?" అని. మొదటి రెండుసార్లు రోగి తను కాదని చెప్పి చూశాడు. ఆ మాట కూడా ఒక లక్షణమేనని వాళ్ళు రాసుకున్నారు. మూడోసారి నుంచి ఫోన్ రాగానే బల్ల అవతల ఉన్న రామ్మోహన్ మొహం కాసేపు పరీక్షగా చూసి, "నిన్నటికన్నా నయం" అనో, "ఇవాళ బాగాలేదు, డాక్టర్ అపాయింట్‌మెంట్ ముందుకి జరపండి" అనో ఉన్నది ఉన్నట్టు చెప్పి, రామ్మోహన్‌ని తానే కారులో తీసుకెళ్ళేవాడు.

సెప్టెంబరులో ఆసుపత్రి నుంచి జనార్ధనరావుకి ఒక ఉత్తరం వచ్చింది, తమ వైద్యానికి ఆయన చక్కగా సహకరించి బాగా కోలుకున్నారని.