ప్రిన్సిపాల్ కూతురు చేరిన కాలేజీ

“పేదవాడి గడప ముందుకే ఉన్నత విద్య! రాయలసీమ రాతినేలలో మొలిచిన జ్ఞానవృక్షం మన ప్రభుత్వ డిగ్రీ కళాశాల!”

మైకు దొరికినప్పుడల్లా ప్రిన్సిపాల్ వాసుదేవ్ ఈ మాటలు చెప్పేవాడు. బేతంచెర్లకు అవతల రాళ్లదిన్నెలో 2001లో నాటిన ఆ వృక్షం మొదట హైస్కూలు వరండాలో మొలిచింది. హైస్కూలు వాళ్లు పొమ్మన్నాక నాపరాళ్లు పేర్చే పాత గోడౌనులోకి మారింది. వార్షిక నివేదికలో ఆయన దాన్ని ‘విశాల ప్రాంగణానికి విస్తరణ’ అన్నాడు. బదిలీ అయిన ఫిజిక్స్ లెక్చరర్ స్థానంలో ఎవరూ రాలేదు. అది ‘స్వయం అధ్యయనానికి ప్రోత్సాహం’! ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. దానికి మాత్రం ఆయనకింకా మంచి మాట దొరకలేదు.

సొంత కూతురు హిమబిందును మాత్రం కర్నూలులో ప్రైవేటు కాలేజీలో బి.ఎస్సీ. చదివిస్తున్నాడు. పిల్లకు ఆ చెట్టు నీడ పడదనుకున్నాడు కాబోలు!

కాలేజీ పెట్టిన ఐదేళ్లకు దాని అభివృద్ధి చూసి గ్రేడు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. వాసుదేవ్ గోడలకు సున్నం కొట్టించాడు. కుర్చీలు అద్దెకు తెచ్చాడు. బీరువాల్లోకి పుస్తకాలు ఎరువు తెచ్చాడు. ఇక మిగిలింది విద్యార్థులు. వాళ్లకు సున్నం ఎలా కొట్టడం?

ముందు బెంచీలో కూర్చునే శివజ్యోతి పొద్దున్నే పాలిషు ఫ్యాక్టరీలో పనిచేసి, తలనిండా రాతిదుమ్ముతో క్లాసుకు వచ్చేది. ఆయన ఆ పిల్లను పిలిచాడు.

“అమ్మా, రేపు నువ్వు రావద్దు.”

“ఏం సార్? కమిటీవాళ్లు వస్తాండారంట గదా?”

“అందుకే!”

“వాళ్లు అడిగితే బాగనే చెప్తా సార్. ఫిజిక్స్ సారు లేడు, ఆడపిల్లోల్లం కంపచెట్ల చాటుకు పోతాండామని...”

“అందుకే రావద్దంటున్నా తల్లీ!”

ఆ సాయంత్రమే హిమబిందునూ, ఆమె స్నేహితురాళ్లనూ కర్నూలు నుంచి బస్సులో రప్పించాడు.

“నాన్నా, ఇది మోసం కాదా?” అంది కూతురు.

“గెస్టు లెక్చరర్లు ఉండగా గెస్టు స్టూడెంట్లు ఉండకూడదా ఏమి?” అన్నాడు తండ్రి.

కమిటీ ఛైర్మన్ పెద్దాయన. ఆయన ఇంగ్లీషులో ప్రశ్న వేస్తే హిమబిందు గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పింది. ఛైర్మన్ ముగ్ధుడైపోయాడు!

“మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?”

“ఈ కాలేజీ ప్రిన్సిపాల్ సార్,” అంది హిమబిందు అలవాటు కొద్దీ. మరుక్షణమే నాలుక కరుచుకుంది.

వాసుదేవ్ ఏదో సర్దిచెప్పబోయాడు. కానీ ఛైర్మన్ లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు.

“సొంత బిడ్డను సర్కారు కాలేజీలో చదివిస్తున్నారా! రాష్ట్రానికే ఆదర్శమయ్యా మీరు!”

మర్నాడు పేపర్లో తండ్రీకూతుళ్ల ఫోటో. మూడో రోజు పై ఆఫీసు నుంచి ఫోను: పెద్ద అధికారి ఈ ఏడాదంతా అప్పుడప్పుడూ వచ్చి, ఆ అమ్మాయిని క్లాసులోనే పలకరించి పోతారట! చేసేదిలేక కర్నూలు నుంచి టీసీ తెచ్చి, కూతుర్ని తన వృక్షం కిందే చేర్చుకున్నాడు.

భార్య నాగశ్రీ మండిపడింది. “పేరు మీకు, శిక్ష పిల్లకా? ఆ గోడౌనులో ఏం చదువు వస్తాదండీ?”

“నెమ్మదిగా మాట్లాడు! ఎవరైనా వింటారు,” అన్నాడు ప్రిన్సిపాల్.

మొదటి రోజు మధ్యాహ్నమే హిమబిందు ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. “నాన్నా, అక్కడ బాత్రూమే లేదు!”

ఆ మాట శివజ్యోతి చెప్పినప్పుడు వాసుదేవ్ చెవికి సోకనేలేదు. ఇప్పుడు నెత్తిన పిడుగులా పడింది! వారం తిరక్కుండా గోడౌను వెనక మరుగుదొడ్లు లేచాయి. కూతురికి ఫిజిక్స్ ముక్క అర్థం కాలేదనేసరికి ఆయన కర్నూలు పోయి విద్యాశాఖ ఆఫీసులో బైఠాయించి, లెక్చరర్‌ను డెప్యుటేషన్ మీద వెంటబెట్టుకునే వచ్చాడు. ఇన్నేళ్లలో ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదలు.

“చూశావా, మన కళాశాల ఎంత వేగంగా ఎదుగుతోందో!” అన్నాడు, ఆవరణలో ఎదురైన శివజ్యోతితో.

“చూస్తాండా సార్. మీకు చిన్నపాప గూడా ఉండాదంట గదా?”

“ఉందమ్మా, ఇంటర్ చదువుతోంది. ఏం?”

“ఆ పాపను గూడా ఈడనే చేర్పీయండి సార్. మాకు ల్యాబు గూడా వస్తాది!”