మోకాలి స్కానింగు

బయట ఎవరికీ చెప్పకండి గానీ, రక్తపరీక్షలో ప్రోస్టేటు అంకె ఎక్కువొచ్చిందని తెలిసినప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు. "క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. సూదులు గుచ్చి ముక్క తీసేముందు ఎమ్మారై స్కానింగు తీసి చూద్దాం. కోత లేదు, నొప్పి లేదు" అన్నాడు డాక్టరు. నా చెవిలో మొదటి మాటే ఉండిపోయింది.

మా ఆవిడకి మోకాలి నొప్పని చెప్పాను. నమ్మకం కోసం ఇల్లంతా కుంటుతూ తిరిగాను కూడా.

"ఏ మోకాలండీ?"

"కుడిది."

"మరి ఎడమ కాలు ఈడుస్తున్నారేం?"

"నొప్పి పాకుతోందే!"

"అయితే నేనూ వస్తా."

"మోకాలికి ఊరేగింపెందుకు?" అని కసిరి, ఒక్కణ్ణే బయల్దేరాను.

సెంటర్లో గౌను తొడిగించి, ఒంటిమీద లోహం ఉండకూడదన్నారు. ఉంగరం, కట్టుడుపళ్ళు, కళ్ళజోడు తీసేశాను. కళ్ళజోడు లేకపోతే నాకు మనిషికీ బీరువాకీ తేడా తెలీదు.

"మీతో వచ్చినవాళ్ళకి ఇచ్చిరండి" అన్నాడు టెక్నీషియను.

బయట కుర్చీలో, మాస్కు పెట్టుకుని ఎవరో ఆడమనిషి ఉన్నట్టుంది.

"అమ్మా, ఇవి కాస్త చూస్తుంటారా? ఇంట్లో మోకాలని చెప్పొచ్చాను. మా ఆవిడ వట్టి పిరికిది, తట్టుకోలేదు" అన్నాను బోసినోటితో.

ఆ మనిషి తలూపి చెయ్యి చాపింది.

లోపల సొరంగంలో పడుకోబెట్టి కదలొద్దన్నారు. రేకుల మీద సుత్తులు పడుతున్నట్టు మోత. కదలకపోవడం కష్టమేం కాలేదు, భయంతో అప్పటికే బిగుసుకుపోయాను. నేను పోతే ఆవిడ గ్యాసు బండ ఎలా మార్చుకుంటుందో అని ఏడుపొచ్చింది. కాసేపటికి గుర్తొచ్చింది, ఇన్నేళ్ళూ మారుస్తున్నది ఆవిడే.

బయటికొచ్చి, ఆ చేతిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. ఎదురుగా మా ఆవిడ! మాస్కు గడ్డం కిందకి దించి, నా పళ్ళు రుమాల్లో పట్టుకుని కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వెలా వచ్చావే?"

"మీ వెనకే. వీధి మలుపు తిరగ్గానే కుంటడం మానేశారు."

సాయంత్రం డాక్టరు బొమ్మ చూపించాడు. "ఇక్కడ చిన్న మచ్చ ఉంది. అదేమిటో తేలాలంటే ముక్క తీయాల్సిందే. చోటు తెలిసింది కాబట్టి గురిచూసి తీస్తాం."

"ఎప్పుడు రమ్మంటారు?" అని మా ఆవిడే అడిగింది. నేను పళ్ళు సరిచేసుకుంటూ కూర్చున్నాను.

మెట్లు దిగుతుంటే నా మోకాళ్ళు రెండూ నిజంగానే వణికాయి. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ముక్క తీసే రోజు నా చెయ్యి వదలకండేం. వట్టి పిరికిదాన్ని కదా, తట్టుకోలేను" అంది.