తొమ్మిదో భాగానికి ఐదు రోజుల లీవు

మా బాపు సమ్మయ్య భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పని చేస్తాడు. భూమి కింద మూడు వందల మీటర్ల లోతుకు జంకకుండా దిగే ఈ మనిషి, ఇంట్లో మా అమ్మ అండాలుకు నిజం చెప్పడానికి మాత్రం భయపడతాడు.

నలుగురిలో నోరు విప్పడం నాకు రాదు కాబట్టి జరిగిందంతా డైరీలో రాసుకున్నాను. అందులో బాపు గురించి ఒక్క మంచి మాట కూడా లేదు.

పెళ్లికి ముందు బాపు హన్మకొండలో ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఒక కంప్యూటర్ ఆట ఆడేవాడట. ఆరుగురు వీరులను వెంటేసుకుని ఊర్లు తిరగాలి, రాక్షసులను కొట్టాలి, కత్తులు మార్చుకుంటూ బలం పెంచుకోవాలి. అలాంటివి వరుసగా ఎనిమిది భాగాలు ఆడాడు. తొమ్మిదోది, ఆఖరుది, వచ్చేసరికి పెళ్లయింది. పదిహేడేళ్లుగా ఆ నేరం అమ్మ మీదే ఉంది.

మొన్న బాపు దోస్తు నవాజ్ చాచా తన పాత కంప్యూటర్‌లో ఆ తొమ్మిదో భాగం ఎక్కించాడు. సరిగ్గా అదే వారం డోర్నకల్‌లో మా యుగేందర్ మామ ఎంగేజ్‌మెంటు. అమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. భర్త పక్కన లేకుండా పోతే చుట్టాల ముందు తలెత్తుకోలేనని అమ్మ బాధ.

"లీవు దొరకలే. నువ్వు, బిడ్డ పోయి రాండ్రి," అన్నాడు బాపు.

"ఒక్క దినం గూడ ఇయ్యరా?"

"నేను లేకుంటే బాయి నడవది."

"నువ్వు లేకుండ ఇల్లు నడుస్తలేదా? గట్లనే బాయి నడుస్తది."

నిజానికి బాపు అప్పటికే ఐదు రోజుల లీవు పెట్టేశాడు. పొద్దున్నే టిఫిన్ గిన్నెతో మొదటి షిఫ్టుకని బయలుదేరి, నవాజ్ చాచా ఇంట్లో తేలేవాడు. మూడింటికి చొక్కాకూ మొహానికీ బొగ్గు పొడి పూసుకుని, మూలుగుతూ ఇల్లు చేరేవాడు. నిజంగా పని చేసిన రోజు కూడా అంత మూలగలేదు.

మొదటి రోజే దొరికిపోయాడు. బాయిలో దిగినోళ్లు ఎంత సబ్బు రుద్దినా రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగులుతుంది. ఈ సంగతి కాలనీలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. బాపు స్నానం చేసి అన్నానికి కూర్చుంటే, కళ్లు బడి పంతులు కళ్లలా తెల్లగా మెరుస్తున్నాయి.

అమ్మ చూసింది. ఇంకో గరిటె పప్పు వేసి, "బాగ అలిసినవు," అంది. చెమటలు నాకు పట్టాయి. సాయంత్రమే నవాజ్ చాచా భార్య ఫర్హానా చాచీకి అమ్మ ఫోన్ చేసింది. చాచీ అంతా చెప్పేసింది.

అమ్మ మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం సంచి భుజానికేసుకుని, నన్ను వెంటబెట్టుకుని చాచా ఇంటికి నడిచింది.

"లోపల్నే ఉన్నడక్కా," అంది ఫర్హానా చాచీ. "ఆఖరు రాక్షసునితోని కొట్లాడుతుండు. ఛాయ్ గూడ ముట్టలే."

మమ్మల్ని చూసి బాపు కుర్చీలోంచి సగం లేచి, అట్లాగే ఆగిపోయాడు.

"ఇయ్యాల షిఫ్టు జల్ది ఐపోయింది," అన్నాడు.

"కూసో. పదిహేడేండ్ల పరేషాన్, నా ముందట్నే తీర్చుకో," అని అమ్మ పక్కన స్టూలు వేసుకుంది.

ఆ ఆఖరి భాగాన్ని నేను అప్పుడే చూశాను. వీరుడు నడుస్తూ నడుస్తూ మోకాళ్ల దాకా నేలలో దిగబడతాడు. ఊర్లో అందరికీ ఒకటే మొహం. రాక్షసుడు గోడలో సగం ఇరుక్కుని, బయటికి రాలేక తన్నులు తింటున్నాడు. ఆట తయారు చేసినవాళ్లకే ఎనిమిదో భాగంతో విసుగొచ్చిందని నాకు కూడా అర్థమైంది. బాపు మాత్రం రెప్ప వేయకుండా మీటలు నొక్కుతున్నాడు.

రాక్షసుడు చచ్చాడు. ఒక కోట బొమ్మ వచ్చింది. రాజ్యం క్షేమమని ఇంగ్లీషులో ఒక్క వాక్యం. తర్వాత ఆట మళ్లీ మొదటికొచ్చింది.

"గింతేనా?" అంది అమ్మ.

బాపు వంగి తెర వెనక చూశాడు, అక్కడేమైనా మిగిలిందేమోనని.

"గింతే ఉన్నట్టుంది."

"గీ దాని కోసమా, నా తమ్ముని ఎంగేజ్‌మెంటు ఎగ్గొట్టేది?"

అమ్మ సంచి తెరిచింది. అందులో బాపు తెల్ల చొక్కా, ప్యాంటు ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి.

"ముగ్గురం వస్తున్నమని యుగేందర్‌కు మొన్ననే చెప్పిన. ఎంగేజ్‌మెంటు రేపు. నీ లీవు గూడ ఇంకొక్క దినం ఉన్నది గద?"

వరంగల్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. రైలు మహబూబాబాద్ దాటింది. బాపు మెల్లగా నా వైపు వంగాడు.

"నిజం చెప్పాల్నంటే బిడ్డా, ఎనిమిదో భాగమే మంచిగుండె. దాన్ని మళ్లొక్కసారి ఆడితే..."

"దానికి ఎన్ని దినాల లీవు గావాలె?" అంది అమ్మ, మూసిన కళ్లు తెరవకుండానే.

బాపు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఆ చేతిని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.